స్ప్లెండర్ బోర్ పని: రెండుసార్లు రన్నింగ్ చేయాల్సి వచ్చిన డైరీ

బండి: పాత కార్బురేటర్ మోడల్ స్ప్లెండర్. 97.2 సీసీ, బోర్ 50 మి.మీ., స్ట్రోక్ 49.5 మి.మీ. పని మొదలుపెట్టేనాటికి మీటరు మీద 71,400 కి.మీ. మేం ఉండేది హనుమకొండలో. తిరిగేది హసన్‌పర్తి, ఎల్కతుర్తి, అప్పుడప్పుడు ములుగు. కాలం: ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా, అంటే వడగాలుల్లో.

బోర్ పని, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను కోసి కాస్త పెద్ద పిస్టన్, కొత్త రింగులు వేయడం, ఎక్కడ చేయించినా రెండు రోజుల్లో అయిపోతుంది. తర్వాతి వెయ్యి కిలోమీటర్లు ఎట్లా నడిపామన్నదే ఇంజిన్ ఆయుష్షు తేలుస్తుంది. మొదటి విడత రన్నింగ్ (కొత్త రింగులు గోడకు సర్దుకునేలా నడపడం) 412 కి.మీ. దగ్గర చెడింది, బ్లాకు (సిలిండర్) మళ్లీ విప్పాం. ఆ తప్పులూ కొలతలూ ఖర్చులూ కింద ఉన్నాయి. కొత్త బండి ఇంజిన్‌లోనూ జరిగేది ఇదే. కాకపోతే వారంటీలో ఉన్న బండికి మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే చేయండి, ఈ డైరీ పక్కన పెట్టండి.

విప్పకముందు

కంప్రెషన్ గేజ్ ప్లగ్ రంధ్రంలో బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఎనిమిది కిక్కులు. వచ్చింది చదరపు సెంటీమీటరుకు 7.0 కిలోలు. ప్లగ్ రంధ్రంలో ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొడితే 9.5. ఆయిల్ పోయగానే పెరిగిందంటే లీకు రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గర.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ ఇంజిన్ సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది. పోసిన ఆయిల్ కింది గోడ మీదికే చేరుతుంది, చుట్టూ పాకదు. అందుకే ఆయిల్ పోశాక కిల్ స్విచ్ లేని ఈ బండికి తాళం ఆపి, ముందు నాలుగైదు ఊరకిక్కులు కొట్టి, అప్పుడు గేజ్ పెట్టాలి. అట్లా చేయకుండా చూసినప్పుడు 7.8 మాత్రమే వచ్చింది. దాన్ని నమ్మి ఉంటే తప్పంతా వాల్వుల మీదికి పోయేది.

ఆయిల్ ఖర్చు 100 కి.మీ.కి 45 మి.లీ. మైలేజీ 47. గేజ్ చౌకరకమే, దాని అంకెలు పక్క గేజ్‌తో కలవవు. మొదటి నుంచి చివరిదాకా అదే గేజ్ వాడాం కాబట్టి తేడాలు మాత్రం నమ్మొచ్చు.

విప్పాక: బోర్ కొలతలు

బోర్ గేజ్‌తో మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో రెండు దిక్కుల్లో తీసుకున్న ఎక్కువ కొలత:

పైన (హెడ్ వైపు): 50.11
మధ్యలో: 50.09
కింద: 50.02

కింది భాగం దాదాపు కొత్తదానిలాగే ఉంది, హెడ్ వైపు అరిగిపోయింది. రింగుల మీద మంట ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ తక్కువ ఉండేది అక్కడే. వెర్నియర్‌తో ఈ పని కాదు. మిల్లీమీటరులో రెండు మూడు నూరో వంతుల తేడా దానికి దొరకదు. బోర్ గేజ్ లేకపోతే లేత్ షాపులోనే కొలిపించి కాగితం మీద రాయించుకోండి.

ఓవర్‌సైజ్ (అసలు కొలత కంటే పెద్ద) పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. వరుసలో ఉంటాయి. మనకు 0.25 చాలు. దుకాణంలో 0.50 చేతిలో ఉంది కాబట్టి అదే వేసేద్దామన్నారు. అట్లా చేస్తే స్లీవ్‌లో (సిలిండర్ లోపలి ఇనుప గొట్టంలో) ఒక బోర్ ఆయుష్షు ఊరికే పోగొట్టినట్టే. 0.50 వేస్తే ఇంజిన్ 99 సీసీకి చేరుతుంది, 0.25తో 98. ఆ ఒక్క సీసీ తేడా రోడ్డు మీద తెలియదు. 0.25 కిట్ కోసం రెండు రోజులు ఆగాం.

లేత్ షాపులో

పిస్టన్ ముందే కొని చేతికివ్వాలి. డబ్బా మీద 0.25 అని ఉన్నా ఒక్కో పిస్టన్ కాస్త తేడాగా వస్తుంది. స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) కింది అంచుకు 10 మి.మీ. పైన, పిన్నుకు అడ్డంగా మైక్రోమీటర్‌తో కొలిస్తే మాది 50.22. బోర్ 50.25కు తెమ్మన్నాం, అంటే సందు 0.03.

"అన్నా, జర లూజుగ కొడతా, పట్టెయ్యదు."

"వద్దు తమ్మీ. పట్టేస్తే మేం చూసుకుంటం. నువ్వు 0.03 దాటనియ్యకు."

లేత్ పనివాళ్ల భయం తప్పేమీ కాదు. టైటుగా కొడితే మొదటి రోజే పట్టేసిందని బండి తిరిగొస్తుంది, మాట వాళ్ల మీద పడుతుంది. లూజుగా కొడితే రెండేళ్ల తర్వాత పొగ వస్తుంది, అప్పుడు అడిగేవాళ్లుండరు. అయితే లూజు బోర్‌లో పిస్టన్ ఊగుతుంది, రింగు ముఖం గోడకు చదునుగా ఆనదు. అది ఎన్ని వేల కిలోమీటర్లు నడిపినా సెట్ కాదు.

హోనింగ్ (బోర్ గోడను రాయితో రుద్దడం) గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ చాప అల్లికలా ఉండాలి, సుమారు 45 డిగ్రీల కోణంలో. అన్నీ అడ్డంగా, గాజుల్లా ఉంటే హోన్‌ను పైకీ కిందికీ సరిగా ఆడించలేదన్నమాట. వెనక్కిచ్చి మళ్లీ కొట్టించండి.

కడగడం

అందరూ తేలిగ్గా తీసుకునే మెట్టు ఇదే. కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టి బిగించేస్తారు. హోనింగ్ రాయి పొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, కిరోసిన్‌కు అది కదలదు. సబ్బు నీళ్లే దాన్ని లేపుతాయి.

1. వేడి నీళ్లలో బట్టల సబ్బు పొడి కలిపి, గట్టి నైలాన్ బ్రష్‌తో గీతల వెంబడి ఐదు నిమిషాలు తోమాలి.
2. మంచి నీళ్లతో కడిగి మళ్లీ అదే పని. మూడు విడతలు.
3. ఆరీ ఆరకముందే తెల్ల బనీను గుడ్డకు ఇంజిన్ ఆయిల్ అద్ది లోపల తుడవాలి.

మొదటి గుడ్డ పెన్సిల్ గీసినట్టు బూడిద రంగులో వచ్చింది. రెండోది వేలి కొన అంత మచ్చ. ఐదో గుడ్డకు తెల్లగా వచ్చింది. అంతదాకా, ఇక చాలు అనిపించినా ఆగొద్దు. స్లీవ్ పోత ఇనుము కాబట్టి నీళ్లు తుడిచి వదిలేస్తే పది నిమిషాల్లో నారింజ రంగు తుప్పు పొర పడుతుంది. ఆయిల్ గుడ్డ పక్కనే సిద్ధంగా పెట్టుకోండి.

బిగింపు

రింగు గ్యాపు ముందు చూడాలి. రింగును బోర్‌లో పెట్టి పిస్టన్ తలతో 20 మి.మీ. లోపలికి నెడితే అది నిటారుగా నిలుస్తుంది. అప్పుడు ఫీలర్ గేజ్. మాకు టాప్ రింగు 0.15, రెండోది 0.18. మరీ తక్కువుంటే వేడికి కొసలు ఒకదానికొకటి తగిలి రింగు విరుగుతుంది.

1. ఆయిల్ రింగు మొదట. మధ్యలోని ముడతల రింగు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. "కొత్త బోర్ వేసినా పొగ" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే.
2. రెండోది, టాప్. గుర్తున్న ముఖం పైకి. మూడింటి గ్యాపులు 120 డిగ్రీల ఎడంతో.
3. పిస్టన్ మీది 'ఇన్' గుర్తు ఇన్‌లెట్ వైపు, అంటే ఈ బండిలో పైకి.
4. సర్‌క్లిప్పులు (పిస్టన్ పిన్ను జారకుండా పట్టేవి) కొత్తవే వేయాలి. క్రాంక్‌కేస్ నోట్లో గుడ్డ కుక్కిన తర్వాతే వాటి జోలికి పోండి.
5. టైమింగ్: మాగ్నెట్ మీద 'టీ' గుర్తు, క్యామ్ పళ్ల చక్రం మీద 'ఓ' గుర్తు హెడ్ గాటుకు ఎదురుగా.
6. హెడ్ నట్లు మూలమూలకు, మూడు విడతలుగా, టార్క్ రెంచ్‌తో.
7. టాపెట్ల సందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.05 మి.మీ., రెండూ.

వాల్వులు రుబ్బి, పోర్టుల్లో పెట్రోలు పోసి చూశాం. రెండు నిమిషాలైనా చుక్క దిగలేదు. వాల్వు సీళ్లు మార్చాం.

ఆయిల్ మామూలు మినరల్ 10డబ్ల్యూ30. ఖరీదైన సింథటిక్ ఇప్పుడే పోయొద్దు, త్వరలోనే పారబోయాల్సిందే కదా. ప్లగ్ తీసి యాభై కిక్కులు కొట్టి, టాపెట్ మూత విప్పి చూస్తే రాకర్ మీద ఆయిల్ తడి కనపడింది. అది కనపడేదాకా స్టార్ట్ చేయకూడదు.

ఖర్చు: పిస్టన్ కిట్ 780, బోర్-హోనింగ్ 400, గ్యాస్కెట్ సెట్ 220, సీళ్లు-పేస్టు 120, ఆయిల్ 410, ప్లగ్ 95, ఎయిర్ ఫిల్టర్ 160.
మొత్తం ఇప్పటికి: రూ. 2,185. కంప్రెషన్: 9.0.

మొదటి విడత, 0–412 కి.మీ.: ఇట్లా చేయకండి

ఊళ్లో అందరూ చెప్పే పద్ధతే పాటించాం. అరగంట ఐడిల్‌లో వదిలేయడం, ఆ తర్వాత 500 దాకా నలభై దాటించకపోవడం.

ఐడిల్‌లో ఉండగా హెడ్ మీద, ప్లగ్ మొదలు దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే 20 నిమిషాలకు 168 డిగ్రీలు. అదే బండి రోడ్డు మీద నడిచినప్పుడు 118. గాలితో చల్లారే ఇంజిన్‌ను నిలబెట్టి నడిపితే చల్లార్చేదేమీ ఉండదు. (మెరిసే అల్యూమినియం మీద ఈ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది. హెడ్ మీద రూపాయి బిళ్లంత నల్ల రంగు చుక్క పెట్టి దాని మీదే కొలవాలి. మొదట చుక్క లేకుండా 96 చూపించి మోసపుచ్చింది.)

తర్వాత హైదరాబాద్ రోడ్డు పట్టుకుని కాజీపేట, మడికొండ మీదుగా స్టేషన్ ఘన్‌పూర్ దాకా, మళ్లీ వెనక్కి. నాలుగో గేరులో, కదలకుండా 38. నాలుగు వరుసల రోడ్డు, ఎత్తుపల్లాలు తక్కువ, యాక్సిలరేటర్ వేలితో తాకినంతే. ఇంజిన్‌కు హాయిగా ఉంటుందనుకున్నాం.

ఆయిల్ ఖర్చు:
0–100: 55 మి.లీ.
100–200: 50
200–300: 52
300–412: 58

మొత్తం 215 మి.లీ. విప్పకముందు కంటే అధ్వానం. కంప్రెషన్ 9.2, ఆయిల్ పోస్తే 11.5. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ. వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు మాత్రమే పొగ వస్తే వాల్వు సీళ్లను అనుమానించాలి. ఇచ్చినంతసేపూ వస్తోందంటే రింగులే.

మొత్తం: 412 కి.మీ., రెండో ఆయిల్ డబ్బాతో కలిపి రూ. 2,595.

412 దగ్గర మళ్లీ విప్పినప్పుడు

బోర్ అద్దంలా మెరుస్తోంది. గోరుతో గీస్తే జారిపోతోంది. చాప అల్లిక గీతలు కళ్లకు లీలగా కనిపిస్తున్నాయి కానీ వాటి లోతు కాలిన ఆయిల్ పొరతో పూడుకుపోయింది. టాప్ రింగు ముఖం మీద గోడకు రాసుకున్న మెరుపు పట్టీ దారమంత సన్నగా, చుట్టులో మూడో వంతు చోట అసలు లేనే లేదు. రింగుల కింద పిస్టన్ పక్కకు గోధుమరంగు చారలు, మంట గ్యాసు కిందికి జారిన దారి అది.

కారణం ఇది. రింగు తన స్ప్రింగు బలంతో గోడకు ఆనేది కొంతే. పెట్రోలు మండినప్పుడు ఆ గ్యాసు రింగు వెనక గాడిలోకి దూరి దాన్ని గోడకేసి ఒత్తుతుంది. ఆ ఒత్తిడితోనే రింగు హోనింగ్ గీతల మొనలను చదును చేసి తన చోటు తాను చేసుకుంటుంది. వేలితో తాకినంత యాక్సిలరేటర్‌తో 38లో పోతే ఆ ఒత్తిడే పుట్టదు. రింగు తేలిపోతూ ఉంటుంది, ఆయిల్ దాన్ని దాటి పైకొచ్చి వేడికి వార్నిష్‌లా గోడకు అంటుకుంటుంది. ఒకసారి పొర కట్టాక తర్వాత ఎంత గట్టిగా నడిపినా ఫలితం ఉండదు, మొనలు పొర కింద పడి ఉంటాయి.

మన పాత పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. బోర్లు గరుకుగా, సందులు అడ్డదిడ్డంగా ఉన్న రోజుల్లో పట్టేయకుండా ఉండటమే పెద్ద విజయం. మెల్లగా పోవడమన్న సగం మాట మిగిలింది, లోడ్ ఇవ్వాలన్న మిగతా సగం జారిపోయింది.

చేసింది:
1. లేత్ షాపులో తేలిక హోనింగ్, పొర పోయి అల్లిక తేలేదాకా మాత్రమే. బోర్ 50.255 అయింది, సందు 0.035. ఇంకా పనికొస్తుంది.
2. కొత్త రింగు సెట్. పాత రింగులు మళ్లీ వేయొద్దు, వాటి ముఖం అప్పటికే పాడైంది.
3. మళ్లీ వేడి నీళ్లు, సబ్బు, తెల్ల గుడ్డలు.

రింగులు 340, గ్యాస్కెట్లు 120, హోనింగ్ 150, ఆయిల్ 410.
మొత్తం: రూ. 3,615.

యాక్సిలరేటర్ గుర్తులు

ఈ బండికి ఆర్‌పీఎం మీటరు లేదు. స్పీడు చూసి నడిపితే లోడ్ తెలియదు. అందుకే గ్రిప్పు అంచుకు కాగితం ముక్క చుట్టి, సున్నా నుంచి పూర్తిగా తిప్పేదాకా ఎంత జరిగిందో కొలిచాం: 36 మి.మీ. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి 9 మి.మీ. స్విచ్ పెట్టె మీద తెల్ల రంగుతో నాలుగు గీతలు, గ్రిప్పు మీద ఒక ఎర్ర టేపు. ఎర్ర టేపు రెండో గీత దగ్గరుంటే సగం యాక్సిలరేటర్. పైసా ఖర్చు లేదు. ఈ పనిలో అన్నిటికంటే ఉపయోగపడ్డ పనిముట్టు ఇదే.

యాక్సిలరేటర్ కేబుల్ ఆట (వదులు) ముందే సరిచేసుకోండి. ఆట ఎక్కువుంటే మొదటి గీత దాకా తిప్పినా కార్బురేటర్‌లో స్లైడ్ లేవదు.

రెండో విడత, 0–40 కి.మీ.

పొద్దుగాల ఐదున్నరకు. ఆ వేళకు గాలి 29 డిగ్రీలు, మధ్యాహ్నం 42 దాటుతోంది. పెట్రోలు బంకుల్లో దొరికేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కాబట్టి పాత కార్బురేటర్లో మిశ్రమం కాస్త పలచబడుతుంది. ఆ వేడికి ఇది తోడు కాకుండా ఎండలో రన్నింగ్ మానుకున్నాం.

స్టార్ట్ చేసి ఒక నిమిషం, ఆయిల్ కారడం లేదని చూసుకోవడానికి. ఇక ఐడిల్ లేదు, నేరుగా రోడ్డెక్కడమే. హసన్‌పర్తి దాటాక ఎల్కతుర్తి వైపు రోడ్డు.

1. మొదటి 5 కి.మీ. మూడో గేరు, పావు యాక్సిలరేటర్, స్పీడు మారుస్తూ.
2. మూడో గేరులో 25 నుంచి 45 దాకా సగం యాక్సిలరేటర్‌తో లాగాలి.
3. పూర్తిగా వదిలేసి, బ్రేకు ముట్టకుండా, 25కు దిగేదాకా ఇంజిన్‌తోనే ఆగనివ్వాలి. ఈ వదలడం కూడా పనిలో భాగమే. లోపల పుట్టే లాగుడుకు ఆయిల్ గోడ మీదికి వచ్చి అరిగిన పొడిని కడుగుతుంది.
4. పది లాగుళ్లు. తర్వాత ఐదు నిమిషాలు తేలిగ్గా.
5. మళ్లీ పది. బండి ఆపి గంటన్నర చల్లారబెట్టాలి.
6. ఇంటి దారిలో మరో పది.

వెనక లారీలను చూసుకుని లాగుళ్లు పెట్టుకోండి. కరీంనగర్ నుంచి వచ్చే గ్రానైటు లారీ ముందు బ్రేకు లైటు వెలగకుండా స్పీడు తగ్గించడం తెలివైన పని కాదు. నాలుగో గేరులో 35 కంటే దిగనివ్వకూడదు. మెల్లగా పోతున్నా ఇంజిన్ గునుస్తుందంటే అది చెడ్డ లోడ్.

ఒక ఇబ్బంది: పన్నెండో లాగుడు తర్వాత హెడ్ 139కి చేరింది. మొదటి పదికి 121 మాత్రమే. ప్లగ్ తీసి చూస్తే మరీ తెల్లగా ఉంది. ఇన్‌లెట్ పైపు దగ్గర ఓ-రింగు గట్టిపడి గాలి పీలుస్తోంది. ఇంజిన్ నడుస్తుండగా అక్కడ సిరంజితో రెండు చుక్కలు సబ్బు నీళ్లు వేస్తే పాట మారింది, అదే రుజువు. గ్యాస్కెట్ సెట్‌లో కొత్త ఓ-రింగు ఉంది, మొదటిసారి బద్ధకించి వేయలేదు. మార్చాక 120.

40 కి.మీ. దగ్గర వేడి మీదే ఆయిల్ దించాం. తెల్ల గాజు సీసాలో పోసి ఎండలో పెడితే అభ్రకం పొడి కలిపినట్టు మిలమిల. పాత స్పీకర్ అయస్కాంతం ముంచితే బూడిదరంగు నూగు పట్టింది. మొదటి విడతలో ఇదంతా 412 దాకా ఇంజిన్‌లోనే తిరిగింది.

చల్లారాక హెడ్ నట్లు మళ్లీ చూశాం, రెండు కాస్త తిరిగాయి. టాపెట్లు ఎగ్జాస్ట్ వైపు 0.03కు తగ్గి ఉంటే 0.05కు తెచ్చాం.

మొత్తం: 40 కి.మీ., పోసిన ఆయిల్ 12 మి.లీ., కంప్రెషన్ 10.4, రూ. 4,025.

40–200 కి.మీ.

సగం యాక్సిలరేటరే, మూడులో 50, నాలుగులో 55 దాకా. ఊళ్లో తిరగడం మానలేదు. ట్రాఫిక్‌లో గేర్లు మారుస్తూ, ఇస్తూ వదులుతూ పోవడం ఇంజిన్‌కు మంచిదే. సిగ్నల్ దగ్గర మాత్రం ఆపేయాలి. వెనక మనిషి లేడు, వడ్ల బస్తా లేదు.

186 దగ్గర పెద్ద తప్పు బయటపడింది. యాసంగి కోతలు అయిపోతున్న రోజులు, పరకాల వైపు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. తూర్పారబట్టే చోట దుమ్మూ పొట్టూ మబ్బులా లేస్తోంది. ఆ రోడ్డు మీద రెండు రోజులు తిరిగాక కార్బురేటర్ నోరు చూస్తే లోపల వేలితో రాస్తే అంటేంత ఎర్రదుమ్ము గీత. ఫిల్టర్ బాగానే ఉంది. ఫిల్టర్ పెట్టెకూ కార్బురేటర్‌కూ మధ్య రబ్బరు గొట్టం క్లిప్పు వదులు. దుమ్ము ఫిల్టర్‌ను తప్పించుకుని నేరుగా లోపలికి పోతోంది. హోనింగ్ పొడిని మూడుసార్లు సబ్బుతో కడిగి, ఇసుకను ఇట్లా లోపలికి పంపామన్నమాట.

కొత్త క్లిప్పు 20, కొత్త ఫిల్టర్ 160. గొట్టం అంచుకు లోపల పలుచగా గ్రీజు రాశాం. దుమ్ము ఇంకా వస్తుంటే దానికి అంటుకుని కనపడుతుంది. తర్వాత వారానికోసారి చూశాం, శుభ్రంగా ఉంది. 200 దాకా ఆగకుండా ఆ రోజే ఆయిల్ మార్చేశాం, లెక్కలో 200దిగానే రాశాం.

మొత్తం: 200 కి.మీ., ఈ 160 కి.మీ.లో ఆయిల్ 38 మి.లీ., కంప్రెషన్ 11.2, రూ. 4,615.

200–500 కి.మీ.

ముప్పావు యాక్సిలరేటర్, నాలుగులో 65 దాకా, పావు నిమిషం లాగి వదలడం. ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్, ఆత్మకూరు మీదుగా పోయి వచ్చాం.

300, 400 దగ్గర ఆయిల్ అస్సలు తగ్గలేదని రాసుకున్నాం. అది తప్పుడు కొలత, ఆ రెండూ కొట్టేశాం. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మర తిప్పి బిగించి తీసి చూశాం. ఈ బండికి స్టిక్‌ను తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. తిప్పితే కొస లోతుకు దిగి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

సరైన పద్ధతి:
1. సెంటర్ స్టాండ్, చదును నేల.
2. రెండు నిమిషాలు నడిపి ఆపి, మూడు నిమిషాలు ఆగడం.
3. స్టిక్ తుడిచి, తిప్పకుండా ఆనించి చూడడం.
4. 50 మి.లీ. సిరంజితో పై గీత దాకా పోస్తూ ఎంత పట్టిందో రాసుకోవడం.

500 దగ్గర ఇట్లా చూస్తే 300 కి.మీ.కి 30 మి.లీ. పట్టింది.

ఆయిల్ మార్పుతో పాటు కుడివైపు మూత విప్పాం. ఈ ఇంజిన్‌కు కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. జాలీ ఒకటి, క్రాంక్ కొసకు గిర్రున తిరుగుతూ బరువైన పొడిని గోడకు విసిరి పట్టే గిన్నె ఒకటి. ఆయిల్ దించినంత మాత్రాన ఆ గిన్నె ఖాళీ కాదు. లోపలి గోడకు నల్లటి గుజ్జు, చాకు మొనతో గీస్తే కాటుక ముద్దలా లేచింది, సుమారు మిల్లీమీటరు మందం. కిరోసిన్‌తో తుడిచాం. మూడుసార్లు ఆయిల్ మార్చినా ఇంత మిగిలింది. దీన్ని వదిలేస్తే ఆయిల్‌కు పెట్టిన డబ్బులో సగం వృథా.

మొత్తం: 500 కి.మీ., కంప్రెషన్ 11.8, మైలేజీ 58, మూత గ్యాస్కెట్ 60తో కలిపి రూ. 5,085.

500–1,000 కి.మీ.

రాయడానికి పెద్దగా లేదు. పూర్తి యాక్సిలరేటర్ ఐదు నుంచి పది సెకన్లు, 75 దాకా, రోజుకు ఐదారుసార్లు. 600 తర్వాత వెనక మనిషిని ఎక్కించాం. పొగ లేదు. 700 దగ్గర ఐడిల్ తనంతట తానే పెరిగింది. లోపలి రాపిడి తగ్గితే జరిగేదే, స్క్రూ కొంచెం వదులు చేశాం.

1,000 కి.మీ.

ఆయిల్ మార్పు. సీసాలో మిలమిల లేదు, అయస్కాంతానికి పలుచని మసక మాత్రమే.

ఆయిల్ ఖర్చు: 500 కి.మీ.కి 20 మి.లీ.
కంప్రెషన్: 12.0, ఆయిల్ పోస్తే 12.3. రెండూ దగ్గరగా ఉన్నాయంటే రింగులు ఆనుకున్నాయి.
మైలేజీ: 64
హెడ్ వేడి, 55 స్పీడులో: 114
మొత్తం ఖర్చు: రూ. 5,495. అందులో మొదటి విడత తప్పుకు 1,430, దుమ్ముకు 180.

మిగిలిన పని: ఇన్‌లెట్ టాపెట్ కాస్త చప్పుడు చేస్తోంది, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. క్యామ్ చైన్ పాతదే, మార్చలేదు. తర్వాతి ఆయిల్ 2,500 దగ్గర, గిన్నె అప్పుడు మళ్లీ విప్పాలి.